పోర్టులకు ఐఎస్‌పీఎస్ భద్రతా నిబంధనలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో టెర్మినల్ నడిపేవాళ్లు, షిప్పింగ్ ఏజెంట్లు, స్టీవిడోర్లు (ఓడల్లో సరుకు ఎక్కించి దించే పని చేయించేవాళ్లు), లారీ కాంట్రాక్టర్లు, సెక్యూరిటీ విభాగంలో కొత్తగా చేరినవాళ్లు పదేపదే అడిగే సంగతులు ఇవి. ఐఎస్‌పీఎస్ అంటే ఓడల మీద, రేవుల మీద దాడులు జరగకుండా చూసే అంతర్జాతీయ భద్రతా నియమావళి (ఇంటర్నేషనల్ షిప్ అండ్ పోర్ట్ ఫెసిలిటీ సెక్యూరిటీ కోడ్). ఆడిట్ రోజున ఫైలు బాగుంటే చాలనుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువ. భద్రతా ప్లాన్‌లో రాసుకున్నది రాత్రి షిఫ్టులోనూ, పండగ రోజునా, జోరువానలోనూ జరుగుతోందా లేదా అన్నదే అసలు పరీక్ష. కింది జవాబులన్నీ ఆ దృష్టితోనే రాశాం.

ఐఎస్‌పీఎస్ కోడ్ ఎక్కడి నుంచి వచ్చింది?

2001 సెప్టెంబరు 11న అమెరికాలో విమానాలతో దాడులు జరిగాక, రేపు ఓడతోనో రేవు మీదో ఇలాంటిదే జరిగితే ఏమిటన్న భయం పట్టుకుంది. ఆ భయం ఊహ కాదని 2002 అక్టోబరు 6న తేలింది. యెమెన్ తీరంలో లింబర్గ్ అనే ఫ్రెంచి చమురు ఓడను పేలుడు పదార్థాలు నింపిన చిన్న పడవతో గుద్దారు. రెండు నెలలకే, 2002 డిసెంబరు 12న, లండన్‌లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ సభ్యదేశాలు ఈ నియమావళిని ఆమోదించాయి. ఓడల భద్రత మీద ఎప్పటినుంచో ఉన్న సోలాస్ ఒప్పందంలో 11-2 అనే కొత్త అధ్యాయం చేర్చి, దాని ద్వారా ఈ నియమావళిని తప్పనిసరి చేశారు. 2004 జులై 1 నుంచి అమల్లో ఉంది.

కోడ్‌లో రెండు భాగాలు. ‘ఎ’ తప్పనిసరి. ‘బి’ మార్గదర్శకం, అంటే ‘ఎ’లో చెప్పినదాన్ని ఎలా చేయాలో వివరించేది. ‘బి’ తప్పనిసరి కాదు కదా అని పక్కన పెట్టేవాళ్లున్నారు. అది చదవకుండా ‘ఎ’ని సరిగ్గా అమలు చేయడం దాదాపు అసాధ్యం.

మా జెట్టీకి ఇది వర్తిస్తుందా?

విదేశీ ప్రయాణం చేసే ఓడలు మీ దగ్గర ఆగుతుంటే వర్తిస్తుంది. ప్రయాణికుల ఓడలు ఏ పరిమాణంలో ఉన్నా, సరుకు ఓడలు 500 గ్రాస్ టన్నులు, ఆపైన ఉంటే కోడ్ కిందికి వస్తాయి. సముద్రంలో తవ్వే మొబైల్ రిగ్గులు కూడా వస్తాయి. యుద్ధనౌకలకు, వ్యాపారం కోసం కాకుండా ప్రభుత్వ పనుల మీద తిరిగే ఓడలకు వర్తించదు.

మామూలుగా కోస్టల్ ఓడలే (మన దేశపు రేవుల మధ్య తిరిగేవే) వస్తాయి, ఎప్పుడో ఒకసారి విదేశీ ఓడ వస్తుంది అన్నప్పుడు? అలాంటి చోట కోడ్‌ను ఎంతమేరకు అమలు చేయాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది, అదీ భద్రతా మదింపు చేసిన తర్వాతే. ‘ఏడాదికి ఒకటే ఓడ’ అని మీ అంతట మీరు మినహాయింపు తీసుకోవడానికి లేదు.

కాకినాడలో ఓడలు ఒడ్డుకు రావు, బార్జీల మీదే లోడింగ్. అక్కడ సంగతి?

కాకినాడ యాంకరేజ్ పోర్టులో ఓడ సముద్రంలోనే లంగరు వేసుకుని ఉంటుంది. బియ్యం బస్తాలు జెట్టీ దగ్గర బార్జీలోకి ఎక్కి, బార్జీ ఓడ దాకా వెళుతుంది. సోలాస్‌లో పోర్టు ఫెసిలిటీకి, అంటే ఓడకూ రేవుకూ మధ్య పని జరిగే చోటుకి, ఇచ్చిన నిర్వచనంలో, సందర్భాన్ని బట్టి, లంగరు స్థలాలు, ఓడలు వేచి ఉండే బెర్తులు, సముద్రం వైపు నుంచి వచ్చే దారులు కూడా ఉన్నాయి. కాబట్టి జెట్టీ గేటు దగ్గర కాపలాతో పని అయిపోదు. బార్జీ ఎవరిది, అందులో ఎవరున్నారు, బయల్దేరినప్పుడు ఎంతమంది, తిరిగొచ్చినప్పుడు ఎంతమంది, దారిలో ఇంకో పడవ ఆనుకుందా అన్నవి కూడా ప్లాన్‌లో ఉండాలి.

2024 నవంబరులో ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ రేషన్ బియ్యం ఎగుమతుల మీద కాకినాడ పోర్టుకు వచ్చినప్పుడు రేవు భద్రత గురించి కూడా గట్టిగానే మాట్లాడారు. బియ్యం అక్రమ రవాణాను పట్టుకోవడం ఈ కోడ్ పని కాదు. దానికి పౌరసరఫరాలు, కస్టమ్స్, పోలీసులు ఉన్నారు. కానీ కాగితంలో ఉన్నదానికి, బార్జీ ఎక్కినదానికి పొంతన లేకపోతే, ఆ సందులోంచి బియ్యం పోయినట్టే ఇంకేదైనా పోవచ్చు.

మన దేశంలో ఎవరి చేతిలో ఉంది?

కోడ్ ప్రకారం అధికారం ప్రభుత్వానిది. మన దేశంలో ఆ బాధ్యతను ముంబైలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ చూస్తూ వచ్చింది. మదింపును, ప్లాన్‌ను ఆమోదించడం, నిబంధనలు పాటిస్తున్నట్టు పత్రం ఇవ్వడం ఈ అధికారం కిందికే వస్తాయి. విశాఖ లాంటి, కేంద్రం పరిధిలోని మేజర్ పోర్టుల్లో కాపలా సీఐఎస్ఎఫ్‌ది. రాష్ట్రం పరిధిలోని రేవులను ఏపీ మారిటైమ్ బోర్డు చూస్తుంది. పోర్టుల భద్రత కోసం ప్రత్యేకంగా ఒక బ్యూరో ఏర్పాటు చేయాలని 2025 డిసెంబరులో కేంద్రం నిర్ణయించింది. అందుకని పాత సర్క్యులర్ల మీదే ఆధారపడకుండా కొత్త ఉత్తర్వులు వచ్చినప్పుడల్లా చూసుకోండి.

మదింపు చేయడానికి, ప్లాన్ రాయడానికి గుర్తింపు పొందిన భద్రతా సంస్థల సాయం తీసుకోవచ్చు. వాటినే ఆర్‌ఎస్‌వోలు అంటారు. అయితే ప్లాన్‌ను ఆమోదించే అధికారం, భద్రతా స్థాయిని నిర్ణయించే అధికారం వాటికి అప్పగించకూడదని కోడ్ స్పష్టంగా చెబుతోంది. ‘ప్లాన్ మేమే రాస్తాం, అప్రూవల్ కూడా మేమే ఇచ్చేస్తాం’ అని ఏ ప్రైవేటు కన్సల్టెంటైనా అంటే నమ్మకండి.

పని ఎక్కడ మొదలుపెట్టాలి?

మదింపుతో. మీ దగ్గర ముఖ్యమైన ఆస్తులేవి, వాటికి ఎలాంటి ముప్పు రావచ్చు, దాన్ని ఆపడానికి ఏం చేయాలి, బలహీనతలు ఎక్కడున్నాయి అని నాలుగు విషయాలు తేల్చాలి. బలహీనతల్లో మనుషుల లోపాలను కూడా చూడాలని కోడ్ అంటుంది. పన్నెండు గంటల డ్యూటీ చివర్లో గార్డు కళ్లు మూతలు పడటం కూడా బలహీనతే. దాన్ని రాసుకుంటేనే డ్యూటీ మార్చే ఆలోచన వస్తుంది.

ఆఫీసులో కూర్చుని మదింపు రాయకండి. కంచె పొడవునా పగలొకసారి, రాత్రొకసారి నడవండి. లైటు వెలగని చోటు, చెట్టుకొమ్మ కంచె మీదికి వాలిన చోటు, ఫెన్సింగ్ కిందినుంచి కాలవ పారే చోటు, కూలీలు దగ్గరదారి కోసం తీగ వంచేసిన చోటు, ఇవన్నీ నడిస్తేనే కనిపిస్తాయి. సముద్రం వైపు నుంచి కూడా లాంచీలో వెళ్లి ఒకసారి మీ బెర్తును మీరే చూసుకోండి.

పక్కన ఏముందో కూడా రాయాలి. విశాఖలో ఫిషింగ్ హార్బర్ ఔటర్ హార్బర్‌ను ఆనుకునే ఉంది. 2023 నవంబరు 19 రాత్రి అక్కడ పదుల సంఖ్యలో బోట్లు తగలబడ్డాయి. అది దాడి కాదు. అయినా పక్కింట్లో మంటలు లేస్తే మన దగ్గర ఎవరు ఏం చేయాలి, ఓడలను కదిలించాలా, ఎవరికి ఫోన్ చేయాలి అన్న ప్రశ్నలు ఆ రాత్రి నిజంగానే ఎదురయ్యాయి. 2008లో ముంబై మీద దాడి చేసినవాళ్లు వాడుకున్నది కుబేర్ అనే చేపల బోటు. చేపల బోట్లకు ఐఎస్‌పీఎస్ కోడ్ వర్తించదు, అలాగని మీ మదింపులో వాటి ఊసు లేకపోతే అది సగం మదింపే.

ప్లాన్ కోసం వేరే టెర్మినల్ నమూనా వాడుకోవచ్చా?

అధ్యాయాల వరస కోసం చూసుకోవచ్చు, అంతకు మించి వద్దు. బొగ్గు బెర్తుకు కంటైనర్ యార్డు ప్లాన్ పనికిరాదు. ఒకే యాజమాన్యం, దగ్గరదగ్గర స్థలం, ఒకే రకం పని, ఒకే రకం యంత్రాలు ఉంటే ఒకటి కన్నా ఎక్కువ ఫెసిలిటీలకు ఒకే ప్లాన్ పెట్టుకునే వీలు ప్రభుత్వం ఇవ్వొచ్చు. అలాంటప్పుడు కూడా ఏ గేటు ఏదో, ఏ కెమెరా ఎక్కడో విడివిడిగా రాయాల్సిందే. ప్లాన్‌లో రెండు గేట్లని రాసి ఉంటుంది, బయట చూస్తే మూడోది తెరిచి ఉంటుంది. మధ్యలో రైల్వే సైడింగ్ వచ్చింది, ప్లాన్‌కు సవరణ రాలేదు. తనిఖీలో ఎక్కువగా దొరికిపోయేది ఇలాంటి చోటే.

ప్లాన్ కాపీ ఎవరెవరికి ఇవ్వాలి?

ఎంత తక్కువమందికి ఇస్తే అంత మంచిది. ప్లాన్ బయటికి పొక్కకుండా కాపాడటం కూడా కోడ్ పెట్టిన షరతే. గార్డుకు తన పోస్టుకు సంబంధించిన సూచనలు ఒక పేజీలో, తెలుగులో ఇవ్వండి. మొత్తం ప్లాన్ వాట్సాప్‌లో పంపుకోవడం చాలాచోట్ల జరుగుతోంది. వెంటనే ఆపండి.

పీఎఫ్ఎస్‌వో ఎవరై ఉండాలి?

పోర్టు ఫెసిలిటీ సెక్యూరిటీ ఆఫీసర్‌నే పీఎఫ్ఎస్‌వో అంటారు. ప్రతి ఫెసిలిటీకి ఒకరిని నియమించాలి. ఒకే మనిషి ఒకటి కన్నా ఎక్కువ ఫెసిలిటీలను చూడొచ్చు. నేవీ నుంచో పోలీసు నుంచో రిటైరైనవాళ్లను పెట్టుకోవడం మన దగ్గర అలవాటు. అందులో తప్పులేదు, వాళ్ల అనుభవం పనికొస్తుంది. కానీ ఓడ ఎలా లోడవుతుందో, యార్డులో లారీ ఏ దారిన తిరుగుతుందో తెలియకపోతే ఎంత పెద్ద హోదా చేసినవారైనా ఇబ్బంది పడతారు.

అంతకన్నా ముఖ్యం, ఆయన మాటకు విలువుండాలి. లోడింగ్ ఆపమని పీఎఫ్ఎస్‌వో చెబితే ఆపరేషన్స్ మేనేజరు ఆపుతారా? ఆపని చోట ఆ పదవి ఉన్నా లేనట్టే. సెలవు మీద వెళితే ఎవరు చూడాలన్నది కూడా కాగితం మీద ఉండాలి.

మూడు భద్రతా స్థాయులంటే?

ఒకటో లెవెల్ రోజూ ఉండే కనీస భద్రత. ముప్పు పెరిగిందని తెలిసినప్పుడు రెండో లెవెల్. దాడి జరగబోతోందని గట్టి సమాచారం ఉన్నప్పుడు, అదీ కొద్దికాలానికే, మూడో లెవెల్. ప్రకటించేది ప్రభుత్వం. మేనేజరు ప్రకటించేది కాదు.

రెండో లెవెల్‌కు వెళితే పనులు ఆగిపోతాయని భయపడతారు. ఆగవు, నెమ్మదిస్తాయి. తెరిచి ఉంచే గేట్లు తగ్గుతాయి, గస్తీ పెరుగుతుంది, తనిఖీ చేసే వాహనాల సంఖ్య పెరుగుతుంది, యజమాని వెంట లేని సామాను మొత్తం ఎక్స్‌రే కిందికి వెళుతుంది. దీనికి అదనంగా ఎంతమంది కావాలో, వాళ్లు ఎక్కడి నుంచి వస్తారో ముందే లెక్క వేసుకోవాలి. మూడో లెవెల్‌లో మాత్రం పనులు పూర్తిగా ఆపమని, మనుషులను ఖాళీ చేయించమని కూడా ఆదేశాలు రావచ్చు.

ఓడ లెవెల్ రేవు లెవెల్ కన్నా తక్కువ ఉండటానికి వీల్లేదు. ఎక్కువ ఉండొచ్చు. అప్పుడు రెండు వైపుల ఆఫీసర్లు మాట్లాడుకుని ఎవరు ఏం చేయాలో డిక్లరేషన్ ఆఫ్ సెక్యూరిటీ అనే పత్రం మీద రాసుకుని సంతకాలు పెడతారు. కోడ్ వర్తించని ఓడ వచ్చినప్పుడు, రేవులోనో ఓడలోనో ఏదైనా భద్రతా సంఘటన జరిగినప్పుడు కూడా ఈ పత్రం అడగొచ్చు.

గేటు దగ్గర అసలేం చూడాలి?

మనిషి, బండి, సరుకు. మూడూ విడివిడిగా.

మనిషి దగ్గర హార్బర్ ఎంట్రీ పర్మిట్ ఉంటే సరిపోదు, అందులోని ఫొటో ఎదుటి ముఖానిదేనా అని చూడాలి. లారీలో డ్రైవర్‌తోపాటు క్లీనర్ ఉంటాడు. డ్రైవర్ పాస్ చూసి, క్యాబిన్‌లో వెనక పడుకున్న క్లీనర్‌ను చూడకుండా వదిలేయడం రాత్రిపూట మామూలైపోయింది. ఇద్దరినీ కిందికి దింపి చూడండి. అర నిమిషం పని.

కంటైనర్ అయితే సీలు. బోల్ట్ సీలు మీద అంతర్జాతీయ ప్రమాణం 17712 కింద హై సెక్యూరిటీ అని తెలిపే అక్షరం ఉందో లేదో చూడాలి. సీలు నంబరును కాగితంతో ఒక్కో అంకె చొప్పున పోల్చాలి. తర్వాత దాన్ని చేత్తో గట్టిగా కిందికి లాగి, తిప్పి చూడాలి. కోసి జిగురుతో అతికించిన సీలు ఇక్కడే ఊడొస్తుంది. అక్కడితో ఆగకండి. సీలు ముట్టుకోకుండా తలుపు హ్యాండిల్ రివెట్లు ఊడదీసి తెరిచే పద్ధతి ఒకటుంది. రివెట్ తల మీద కొత్త పెయింటు, చుట్టూ గీతలు, పాత తుప్పు మధ్యలో మెరిసే కొత్త బోల్టు కనిపిస్తే లారీని పక్కకు పెట్టించి పైవాళ్లకు చెప్పండి.

2004 మార్చి 14న ఇజ్రాయెల్‌లోని అష్‌దోద్ రేవులో ఇద్దరు ఆత్మాహుతి దాడి చేశారు, పదిమంది చనిపోయారు. ఆ ఇద్దరూ కంటైనర్‌లో దాక్కుని వచ్చినవాళ్లు. ఖాళీ కంటైనర్‌ను తెరిచి చూడమని, లోపలి పొడవు బయటి పొడవుతో సరిపోతోందో లేదో గమనించమని చెప్పేది అందుకే.

షిప్ చాండ్లర్లు (ఓడలకు సామాన్లు సరఫరా చేసేవాళ్లు), రిపేరు కాంట్రాక్టర్ల సంగతి?

ఓడ ఆర్డరు పెట్టినట్టు ముందే ఏజెంటు ద్వారా సమాచారం రావాలి. డెలివరీ కాగితంతో సరుకును పోల్చాలి, ఓడ ఒప్పుకున్నాకే గ్యాంగ్‌వే (ఓడ ఎక్కే మెట్లదారి) దాకా పంపాలి. ఆర్డరు లేని సరుకు గేటు దాటకూడదు.

ఓడ సిబ్బందిని ఒడ్డుకు దిగనివ్వకపోవడం భద్రతలో భాగమేనా?

కాదు. ఇది చాలా రేవుల్లో జరుగుతున్న అన్యాయం కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

నెలల తరబడి సముద్రం మీద ఉన్నవాడికి ఒడ్డు మీద రెండు గంటలు ఎంత విలువైనవో, విశాఖ, శ్రీకాకుళం నుంచి ఓడల్లో పనిచేసే పిల్లలున్న ఇళ్లలో అడగండి. ఇంటికి వీడియో కాల్ చేసుకోవడం, పంటినొప్పికి డాక్టర్‌ను చూడటం, కాస్త నడవడం, ఇంతే వాళ్లు అడిగేది. సిబ్బంది ఒడ్డుకు దిగడానికి, ఓడ మారడానికి, వాళ్లను చూడటానికి సంక్షేమ సంఘాలవాళ్లు, కార్మిక సంఘాలవాళ్లు లోపలికి రావడానికి వీలు కల్పించే పద్ధతులు ప్లాన్‌లో ఉండాలని కోడ్ ‘ఎ’ భాగమే అంటోంది. అంటే ఇది దయతో చేసే సాయం కాదు, తప్పనిసరి నిబంధన. సముద్ర కార్మికుల ఒప్పందం కూడా ఈ హక్కును గుర్తిస్తుంది. టెర్మినల్ లోపల నుంచి గేటు దాకా ఆలస్యం లేకుండా, ఓడ సిబ్బంది జేబులోంచి ఖర్చు లేకుండా దారి కల్పించాలని అమెరికా 2019లో ఏకంగా రూలు తెచ్చింది.

ఇమిగ్రేషన్‌వాళ్లు ఇచ్చే షోర్ పాస్ వేరే విషయం, అది వాళ్ల నిర్ణయం. పాస్ వచ్చిన మనిషిని ‘యార్డులో నడవనివ్వం, బండి లేదు’ అని గ్యాంగ్‌వే దగ్గరే ఆపేయడం మాత్రం టెర్మినల్ తప్పు. బండి ఏర్పాటు చేయండి, దాని వేళలు ఓడకు ముందే చెప్పండి, గేటు గార్డుకు సీమెన్ గుర్తింపు కార్డు, సీడీసీ (ఓడ ఉద్యోగి సర్వీసు పుస్తకం) ఎలా ఉంటాయో చూపించండి.

డ్రిల్లులు ఎన్ని?

కనీసం మూడు నెలలకొకటి. ఇవికాక ఏడాదికి ఒకటి పెద్ద స్థాయి ఎక్సర్‌సైజ్, రెండింటి మధ్య 18 నెలలు మించకూడదు. పెద్దదాన్ని బల్ల చుట్టూ కూర్చుని చర్చగా చేయొచ్చు, నిజంగా మనుషులను కదిలించి చేయొచ్చు, ఇంకో కసరత్తుతో కలిపీ చేయొచ్చు.

అందరికీ ముందే టైము చెప్పి చేసే డ్రిల్లు వల్ల ఫొటోలు వస్తాయి, అంతే. గేటు గార్డుకు తెలియకుండా గడువు దాటిన పాస్‌తో ఒకరిని పంపి చూడండి. కంట్రోల్ రూమ్‌కు రాత్రి మూడింటికి ఫోన్ చేసి, అనుమానాస్పద పెట్టె కనిపించిందని చెప్పి, ఎవరెవరికి ఎన్ని నిమిషాల్లో సమాచారం వెళ్లిందో రాసుకోండి. దొరికిన లోపాన్ని నివేదికలో దాచకండి. లోపమే లేని డ్రిల్లు రిపోర్టులు వరసగా ఉంటే ఆడిటర్‌కు అనుమానం వచ్చేది వాటి మీదే.

కంప్యూటర్లు కూడా దీని కిందికి వస్తాయా?

వస్తాయి. మదింపులో కంప్యూటర్ వ్యవస్థలను, నెట్‌వర్కులను చూడమని ‘బి’ భాగం మొదటినుంచీ చెబుతోంది. 2017 జూన్‌లో మార్స్క్ షిప్పింగ్ కంపెనీ మీద నాట్‌పెట్యా అనే సైబర్ దాడి జరిగినప్పుడు ముంబై దగ్గర జేఎన్‌పీటీ రేవులోని ఒక టెర్మినల్ పని స్తంభించింది. 2023 జులైలో జపాన్‌లోని నగోయా రేవులో సైబర్ దాడి వల్ల కంటైనర్ పనులు రెండు రోజులకు పైగా నిలిచిపోయాయి. గేటు సాఫ్ట్‌వేర్ ఆగిపోతే చేత్తో రాసి ఎలా నడపాలో మీ గేట్ క్లర్కులకు ఒకసారి నేర్పించి ఉంచండి.

పాటించకపోతే ఏమవుతుంది?

ముందుగా దెబ్బ తగిలేది మీ దగ్గరికి వచ్చిన ఓడకు. ప్రతి ఓడ తాను ఆగిన చివరి పది పోర్టు ఫెసిలిటీల వివరాలు భద్రపరచాలి, తర్వాతి రేవు అడిగితే ఇవ్వాలి. ఆ జాబితాలో నిబంధనలు పాటించని రేవు ఉంటే అక్కడ తనిఖీలు, ఆలస్యం తప్పవు, ఒక్కోసారి ప్రవేశమే నిరాకరిస్తారు. అమెరికా కోస్ట్ గార్డ్ ప్రపంచ రేవులను పరిశీలిస్తూ, భద్రత సరిగాలేని దేశాల జాబితా ప్రకటిస్తుంటుంది. చివరి ఐదు మజిలీల్లో అలాంటి రేవు ఉన్న ఓడ అదనపు షరతులు తీర్చాకే అమెరికా రేవులోకి వెళ్లాలి. ఆ ఖర్చు భరించిన ఓడ యజమాని రెండోసారి మీ వైపు రాడు. ఆంధ్ర తీరం నుంచి అమెరికాకు వెళ్లే రొయ్యల కంటైనర్లను తలుచుకుంటే ఇది ఎవరి బతుకుల మీద పడుతుందో అర్థమవుతుంది.

మూలపేట, రామాయపట్నం, మచిలీపట్నం లాంటి కొత్త రేవులు ఎప్పుడు మొదలుపెట్టాలి?

డ్రాయింగులు గీసేటప్పుడే. మొదటి విదేశీ ఓడ వచ్చేలోపు ఆమోదం చేతిలో ఉండాలి. గోడ ఎక్కడ, గేటు ఎన్ని వరసలు, లారీ ఆపి చూడటానికి జాగా, కెమెరా కేబుళ్లకు గొట్టాలు, ఇవన్నీ కాంక్రీటు పోయకముందు అనుకుంటే ఖర్చు తక్కువ.

సర్టిఫికెట్ గడువు దగ్గరపడింది. ఏం చేయాలి?

నిబంధనలు పాటిస్తున్నట్టు ఇచ్చే పత్రం ఎక్కువలో ఎక్కువ ఐదేళ్లు చెల్లుతుంది, మధ్యలోనూ తనిఖీలుంటాయి. గడువుకు నెల ముందు పరుగులు పెట్టకుండా కనీసం ఆరు నెలల ముందు మదింపును తిరగేయండి. గత ఐదేళ్లలో వచ్చిన మార్పులన్నీ రాయండి: కొత్త బెర్తు, కొత్త క్రేను, మారిన సెక్యూరిటీ ఏజెన్సీ, మూసేసిన గేటు, కొత్తగా మొదలుపెట్టిన రకం సరుకు. ఆ తర్వాత ప్లాన్ సవరించి ఆమోదానికి పంపండి. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ డేటాబేస్‌లో మీ ఫెసిలిటీ పేరు, నంబరు, ప్లాన్ ఆమోదం పొందిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. విదేశీ ఓడ కెప్టెన్ వచ్చేముందు తెరిచి చూసేది దాన్నే. తప్పుంటే మీరు నేరుగా మార్చలేరు, ప్రభుత్వం ద్వారానే మార్పించాలి. అందుకు పట్టే రోజులు కూడా లెక్కలో వేసుకోండి.